డిక్కీ మీద ఎలిసేయో

మే 14, బుధవారం

ఆసుపత్రి కుర్చీలో కూర్చోలేక ఇంటికొచ్చాను. ఇంట్లో అంతకంటే కూర్చోలేకపోతున్నాను. తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడిచాను. చేతికి ఏదో ఒక పని ఉండాలని ఇది మొదలుపెట్టాను.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం కారుని గెంతించే పంపులు విప్పుతూ షెడ్డులో పడిపోయాడు మా ఆయన ఎలిసేయో. తలలో నరం చిట్లిందన్నారు. అల్బకర్కీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కళ్ళు తెరవడం లేదు. ఆ బండిని ఎన్ని తిట్లు తిట్టానో. అరవై నాలుగు నాటి ఇంపాలాకి నల్లపిల్ల అని ముద్దుపేరొకటి! పండిన చెర్రీ రంగు, నీడలోకి వస్తే నల్లగా కనిపిస్తుంది. నన్ను ఏ రోజూ అలా ముద్దుగా పిలిచింది లేదు. "ఏమే, నా టోపీ ఎక్కడ పెట్టావ్" అనేవాడు, అంతే.

అనేవాడు కాదు. అంటాడు.

బండ్ల మీద బొమ్మలేసే నెస్తోర్ వచ్చి బండి తీసుకెళ్ళాడు. జూలైలో క్లబ్బు వాళ్ళ బండ్ల షో కోసం డిక్కీ మీద బాల యేసు బొమ్మ వెయ్యమని ఎలిసేయోనే పురమాయించాడట. తీసుకుపో, నా కళ్ళముందు ఉండకపోతే అదే చాలన్నాను.

మే 17, శనివారం

ఫాదర్ వచ్చి ఎలిసేయో నుదుటికీ అరచేతులకీ దీవించిన నూనె రాశారు. ప్రెసిల్లా వదినకి ఫోన్ చేసి చెప్పాను. అటునుంచి ఒకటే ఏడుపు.

"ఎందుకేడుస్తావ్? జబ్బు తగ్గాలని రాస్తారు నూనె."

"అవునమ్మా, అవును" అని ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఈవిడతో మాట్లాడితే ఉన్న ధైర్యం కూడా పోతుంది.

మే 18, ఆదివారం

అలాగే ఉన్నాడు.

మే 23, శుక్రవారం

కళ్ళు తెరిచాడు! నావైపే చూశాడు. నర్సు అది ఊరికే తెరవడం అంది. ఆమెకేం తెలుసు?

మే 30, శుక్రవారం

మాట వచ్చింది. "నీళ్ళు" అన్నాడు. తాగాక నా చెయ్యి పట్టుకుని "డెల్ఫీ" అన్నాడు. డెల్ఫీ వాళ్ళక్క. పోయి చాలా ఏళ్ళయింది. డాక్టరు ముందే చెప్పింది, మాటలు ఒకదానికొకటి కలిసిపోతాయి, కంగారు పడొద్దని. ఒక పేరు బదులు ఇంకో పేరు నోటికొచ్చింది, అంతే కదా. నేనూ కుట్టుమిషన్ దగ్గర కత్తెర అనబోయి సూది అంటాను.

కుడి చెయ్యి కదలడం లేదు. ఎడమది బ్రహ్మాండంగా ఉంది. ఇవాళ చాలా బాగున్నాడు.

జూన్ 6, శుక్రవారం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

ఎలిసేయో అరటిపండు ఒలుచుకుని తిన్నాడని చెబుదామని ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో నెస్తోర్ షెడ్డు దగ్గర ఆగాను. తలుపు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాను. నల్లపిల్ల వెనకభాగం నావైపే ఉంది.

డిక్కీ మీద బాల యేసు లేడు. ఎలిసేయో ఉన్నాడు.

క్లబ్బు జాకెట్ వేసుకుని, టోపీ కాస్త పక్కకి పెట్టుకుని. వెనకాల మబ్బులు, మబ్బుల్లో తెరిచిన గేటు. అటూ ఇటూ గులాబీలు, పైన రెండు పావురాలు. కింద రిబ్బను, అందులో పేరు. పేరు కింద పుట్టిన సంవత్సరం, ఒక చిన్న గీత, ఆ తర్వాత ఖాళీ.

మా లోయలో క్లబ్బు మనిషి పోతే అతని బండి మీద ఇలాగే వేస్తారు. ఆ ఏడు షోలో ఆ బండే వరస ముందు నడుస్తుంది. వీధి పొడుగునా జనం టోపీలు తీస్తారు. నేనూ ఎన్నిసార్లు నిలబడి ఏడ్చానో.

నెస్తోర్ గ్లాసులో కాఫీతో లోపలికొచ్చి నన్ను చూసి అక్కడే ఆగిపోయాడు. వాడి టోపీ పీకి దాంతోనే వాడిని బాదాను.

"చచ్చిపోయాడని ఎవరు చెప్పార్రా నీకు?"

"వదినా, వదినా, ఆగు! ప్రెసిల్లా వదినే చెప్పింది, ఫాదర్ వచ్చి ఆఖరి నూనె రాశాడని..."

"నూనె రాస్తే పోయినట్టేనా? అరటిపండు తిన్నాడ్రా ఇవాళ! తనే ఒలుచుకుని తిన్నాడు!"

వాడి మొహం ఎలా అయిపోయిందంటే, వెలిగిపోయింది ముందు, తర్వాత డిక్కీవైపు చూసి ఏడుపు మొహం పెట్టాడు.

"షో దగ్గరికొచ్చేసింది వదినా. మొహానికే ఎన్నో పూతలు పడతాయి, ఒక్కోటీ ఆరాలి. పోయినేడు ఫకుందో అన్న పోయినప్పుడు బొమ్మ ఆలస్యం చేశానని ఊరంతా నన్ను తిట్టారు. ఈసారి మాట పడకూడదని... ఆ ఖాళీ మాత్రం ముట్టుకోలేదు, ఒట్టు."

"చెరిపెయ్."

"ఏంటి?"

"ఉప్పుకాగితం తీసుకో. నా ఎదురుగా, ఇప్పుడే గీకెయ్."

చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని గోడ దాకా జరిగాడు. "నావల్ల కాదు. ఆయన అక్కడ మంచం మీద ఉంటే ఇక్కడ నేను ఆయన మొహం గీకాలా? తెల్లారి ఏదన్నా అయితే నేను బతకగలనా వదినా?"

టోపీ వాడి మీదకే విసిరేసి వచ్చేశాను. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

ఇంకోటి కూడా రాయాలి. బొమ్మ బాగుంది. జాకీ రాడ్డు తగిలి కనుబొమలో పడిన గాటు దగ్గర్నుంచి, నవ్వబోయి ఆపుకునే ఆ మూతి దాకా, అంతా ఎలిసేయోనే. అంత బాగా ఎలా వేశాడో వెధవ.

జూన్ 8, ఆదివారం

చర్చిలో పూజ అయ్యాక క్లబ్బు వాళ్ళంతా నా పెరట్లో చేరారు. మాంసం, మొక్కజొన్న గింజలు వేసి పెద్ద కుండెడు పొసోలే వండాను. తిట్టడానికి పిలిచినా అన్నం పెట్టకుండా తిట్టలేం కదా.

క్లియోఫస్ అన్న క్లబ్బు పెద్ద. ఎలిసేయోతో చిన్నప్పట్నుంచీ స్నేహం. ప్రెసిల్లా వదిన మొగుడు కూడా. ఆవిడ ఇవాళ రాలేదు, మంచిపని చేసింది.

"చూడు చెల్లెమ్మా" అన్నాడు. "ఉంచితే వాడు పోయినట్టు. చెరిపితే మన చేత్తో మనం పంపినట్టు. ఎవరు చేస్తారు చెప్పు?"

"పైన రంగు కొట్టేద్దాం" అన్నారెవరో.

"అంటే పూడ్చిపెడదామంటావా?" అన్నాడు క్లియోఫస్ అన్న. ఆ మనిషి చెంచా గిన్నెలో పెట్టేసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

"మూత మార్చెయ్యండి" అన్నాను నేను. "పాత సామాన్ల కొట్లో బోలెడు డిక్కీ మూతలు దొరుకుతాయి."

"మరి విప్పిన మూత ఎక్కడ పెడతావ్? హాల్లో గోడకి తగిలిస్తావా, పూలదండేసి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత లోపలికెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఇనుప బండ్లని గాలిలో గెంతించే ఇంతమంది మగాళ్ళలో ఒక్కడికీ ఒక ఉప్పుకాగితం ముక్క పట్టుకునే ధైర్యం లేదు.

జూన్ 10, మంగళవారం

నేనే వెళ్ళాను. నెస్తోర్‌ని బయట నిలబెట్టి తలుపు దించుకున్నాను.

ఒక మబ్బు అంచు గీకాను. తేలిగ్గానే పోయింది. పక్కన గులాబీ ఆకు ఒకటి గీకాను. తర్వాత చెవి. చెవి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ చెవిలో ఎన్ని మాటలు చెప్పానో, ఎంత సాధించానో. కాగితం అక్కడే పడేసి బయటికొచ్చాను.

"అయిపోయిందా వదినా?" అన్నాడు.

"నోర్ముయ్" అన్నాను.

జూన్ 13, శుక్రవారం

సీట్లు కుట్టే నాకు ఇదేం లెక్క? మందపాటి నల్ల రెక్సిన్ తీసుకుని డిక్కీకి తొడుగు కుట్టాను. లోపల మెత్తటి గుడ్డ, చుట్టూ గుండీలు. రంగు ఇంకా పచ్చిగా ఉందని చెబుతాను. ఎలిసేయోకి అనుమానం రాదు. షో అయ్యాక తనే మామూలు మనిషై కూర్చుని, ఈ బొమ్మ చూసి పడీపడీ నవ్వుతాడు. నెస్తోర్‌ని ఊరంతా తరుముతాడు.

జూన్ 20, శుక్రవారం

ఇంటికి తీసుకొచ్చాను!

కర్ర పట్టుకుని తన కాళ్ళ మీదే గుమ్మం ఎక్కాడు. లోపలికొచ్చి చుట్టూ చూసి "చక్కగా ఉందండీ ఇల్లు" అన్నాడు. ఎప్పుడూ ఇంతే, ఏదో ఒక వేళాకోళం.

జూన్ 24, మంగళవారం

పొద్దున్న స్నానాల గదిలోంచి మాటలు వినిపించాయి. వెళ్ళి చూస్తే అద్దం ముందు నిలబడి "మీరు కానివ్వండి, నాకేం తొందర లేదు" అంటున్నాడు. ఎంత నవ్వొచ్చిందో. చాలాసేపు అలాగే నిలబడ్డాడు, పాపం కాళ్ళు నొప్పెట్టేలా. అద్దం తీసి బీరువాలో పెట్టాను. గడ్డం ఎలాగూ నేనే గీస్తున్నాను, అద్దమెందుకు?

జూన్ 25, బుధవారం

ఇవాళ బాగున్నాడు. అన్నం బాగా తిన్నాడు.

జూలై 3, గురువారం

నెస్తోర్ నల్లపిల్లని తెచ్చి షెడ్డులో పెట్టాడు, తొడుగుతో సహా. ఇంజను చప్పుడు వినగానే ఎలిసేయో గుడ్లు మిటకరించి కర్ర తీసుకున్నాడు. సాయం చెయ్యబోతే నా చెయ్యి విదిలించేశాడు.

"ఒక ప్లగ్గు సరిగ్గా అంటుకోవట్లేదు" అన్నాడు. నిజమే. నెస్తోర్ బానెట్ ఎత్తి చూసి తెల్లబోయాడు. తర్వాత ఎలిసేయో లోపల కూర్చుని ఎడమ చేత్తో పంపుల మీటలు నొక్కాడు. నల్లపిల్ల మొదట వెనకభాగం లేపింది, తర్వాత ముందుభాగం, తర్వాత ఒక పక్కకి వంగి, నేలకి ఆనుకుని కూర్చుంది. ఒక్క మీట తప్పు పడలేదు.

"నా నల్లపిల్లా" అని డాష్‌బోర్డు నిమిరాడు.

దాని పేరు గుర్తుంది. సంతోషంగానే ఉంది నాకు. సంతోషంగా ఎందుకుండదు? షెడ్డులోంచి వచ్చి పిండి పిసికిన దాన్నే మళ్ళీ పిసికాను. రొట్టెలు రాళ్ళలా వచ్చాయి.

జూలై 11, శుక్రవారం

ఏమీ రాయబుద్ధి కావట్లేదు. బాగానే ఉన్నాడు.

జూలై 19, శనివారం

క్లియోఫస్ అన్న వచ్చాడు. వరండాలో ఎలిసేయో పక్కన కూర్చుని పాత సంగతులన్నీ చెప్పాడు. ఎలిసేయో తల ఊపుతూ విన్నాడు. వెళ్ళేటప్పుడు అన్న నన్ను గేటు దాకా రమ్మన్నాడు.

"వాణ్ణి షోకి తీసుకురాకు చెల్లెమ్మా."

"ఎందుకు తీసుకురాకూడదు?"

"వాడు నన్ను గుర్తుపట్టలేదు."

"నీ మొహం గుర్తుపెట్టుకుని ఏం చేసుకుంటాడన్నా? నాకే ఒక్కోసారి గుర్తుండదు."

అన్న నవ్వలేదు. "నిన్ను గుర్తుపట్టాడా?" అన్నాడు.

గేటు వేసేశాను. మొహం మీదే వేశాను. కావాలనే వేశాను.

ఎంత మాటన్నాడు! ఎలిసేయో రోజూ నా చేతి అన్నం తింటున్నాడు, నా చేత గడ్డం గీయించుకుంటున్నాడు, సాయంత్రం నా చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు. గుర్తుపట్టకుండానే పట్టుకుంటాడా ఎవరైనా? మాటలు కలిసిపోతాయని డాక్టరే చెప్పింది. షోకి తీసుకెళ్తాను. అందరి ముందూ నన్ను పేరు పెట్టి పిలుస్తాడు, అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి.

జూలై 25, శుక్రవారం

క్లబ్బు జాకెట్ ఉతికి ఆరేశాను. టోపీ దులిపాను. మూడుసార్లు బండి తుడిచాను. ఇంకా ఏదో మిగిలిపోయినట్టే ఉంది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలియట్లేదు.

జూలై 26, శనివారం

అంతా వరసగా రాస్తాను. వరసగా రాయకపోతే రాయలేను.

పది గంటలకల్లా వీధి నిండిపోయింది. రెండువైపులా బండ్లు, బానెట్లు ఎత్తి. మొక్కజొన్న కంకులు కాలుస్తున్న పొగ. ఎవరో బండిని గెంతిస్తుంటే జనం ఈలలు. నల్లపిల్లని వరస మధ్యలో పెట్టించాడు క్లియోఫస్ అన్న, డిక్కీ గోడవైపు ఉండేలా. ఈసారి వరస ముందు ఎవరి బండీ లేదు, ఈ ఏడు క్లబ్బులో ఎవరూ పోలేదు కదా. నేనే నడిపాను, ఎలిసేయో పక్క సీట్లో.

చాలామంది వచ్చి పలకరించారు. అందరికీ ఎడమ చేత్తోనే చెయ్యి కలిపాడు, అందరితో "సంతోషం" అన్నాడు. చూశారా అన్నట్టు క్లియోఫస్ అన్నవైపు చూశాను. ప్రెసిల్లా వదిన దూరంగా నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడకి ఏడవడానికి కారణం అక్కర్లేదు.

కాసేపటికి ఎలిసేయో కర్ర తీసుకుని దిగాడు. బండి చుట్టూ ఒక తిప్పు తిరగడం ఎప్పుడూ ఉన్నదే. వెనక్కి వెళ్ళి ఆగాడు.

"ఏంటిది? దుప్పటి కప్పుకుని ఎవరైనా షోకి వస్తారా?"

"రంగు పచ్చిగా ఉంది" అన్నాను, పరుగున వెళ్ళి.

"ఇంత ఎండలోనా? ఎవడేశాడు?"

నెస్తోర్ ఎదురు బండి వెనక దాక్కున్నాడు. ఎలిసేయో ఒక్క చేత్తో గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. ఆపుదామనుకున్నాను. ఎందుకో ఆపలేదు. అప్పుడిక నవ్వడానికి సిద్ధపడ్డాను. "నువ్వు చస్తావనుకున్నారు ఈ దద్దమ్మలు" అని అందామని ఆ మాట ఎన్ని రోజుల్నుంచో నోట్లో పెట్టుకున్నాను.

తొడుగు కింద పడింది.

ఎలిసేయో చూశాడు. కర్ర చంకలో పెట్టుకుని, టోపీ తీసి, గుండెకి ఆనించుకున్నాడు. ఎడమ చేతిలో టోపీతోనే శిలువ గుర్తు వేసుకున్నాడు. అది చూసి వెనక నిలబడ్డ మగాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు టోపీలు తీశారు. అలవాటు, ఏం చేస్తారు?

తర్వాత నావైపు తిరిగాడు. ఎంతో మర్యాదగా, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరండీ ఈయన? మీకేమవుతారు?"

నా నోట్లోని మాట ఎక్కడికి పోయిందో. ఆ కళ్ళలో వేళాకోళం ఉందేమోనని వెతికాను. లేదు. ఒకావిడకి కష్టం వచ్చిందన్న జాలి ఉంది, అంతే. పరాయి ఆడవాళ్ళతో ఎలిసేయో ఎప్పుడూ ఇంత మంచిగానే మాట్లాడతాడు.

"మా ఆయన" అన్నాను.

"అయ్యో. ఎప్పుడు పోయారు?"

క్లియోఫస్ అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను జవాబు చెప్పకుండా ఉండాలని కాబోలు. కానీ చెప్పాను. నా అంతట నేనే చెప్పాను.

"మే నెలలో."

అన్నాక నాకే తెలిసింది అది నిజమని. ఆసుపత్రి నుంచి నేను ఇంటికి తెచ్చుకుంది ఇంకొకరిని. గుమ్మం ఎక్కిన రోజే ఆయన నాకు చెప్పాడు, నేను వినలేదు.

"మంచాయన మొహం" అన్నాడు బొమ్మని చూస్తూ. "బండిని బాగా చూసుకున్నారు." అంతలో ఏదో గుర్తొచ్చినట్టు మొహం ఎర్రబడింది. చుట్టూ ఉన్నవాళ్ళ మీద కేకలేశాడు. "సిగ్గులేదురా మీకు? పోయినాయన బండిని మధ్యలో పెడతారా? ముందుకు తియ్యండి! ఈ లోయలో పద్ధతి తెలియదా మీకు?"

ఆ గొంతు ఎలిసేయోదే. ఎవరూ కదల్లేదు. అందరూ నావైపే చూస్తున్నారు.

"చెప్పారుగా" అన్నాను. "ముందుకు పెట్టండి."

అందరూ బండ్లు వెనక్కి తీసి దారిచ్చారు. నేను స్టీరింగు పట్టుకున్నాను. ఆయన పక్క సీటు తలుపు తీసి పట్టుకుని, ఎక్కకుండా నిలబడ్డాడు.

"మీకు అభ్యంతరం లేకపోతేనే. ఒక్కరే నడపడం బాగుండదని."

"ఎక్కండి" అన్నాను.

నడిచేవాళ్ళకంటే నెమ్మదిగా పోనిచ్చాను. రెండువైపులా టోపీలు దిగుతున్నాయి. కొందరు డిక్కీ వంక చూసి, లోపల కూర్చున్న మనిషిని చూసి, మళ్ళీ డిక్కీ వంక చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయారు. ఒక ముసలమ్మ ఏకంగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంకో రోజయితే నవ్వి చచ్చేదాన్ని. ఆయన మాత్రం టోపీ ఒళ్ళో పెట్టుకుని, తిన్నగా కూర్చుని, ఎడమ చేత్తో మీటలు నొక్కుతూ నల్లపిల్ల చేత అటూ ఇటూ తల వంచి దణ్ణాలు పెట్టించాడు.

నేను ఏడ్చాను. మే నెల నుంచి కుళాయి తిప్పకుండా ఏడవడం ఇదే మొదలు. మొగుడు పోయినదాన్ని, ఏడుస్తాను, ఎవరేమనుకుంటే నాకేం.

"ఏడవండి" అన్నాడు ఆయన, దారివంకే చూస్తూ. "నేను చూడను."

జూలై 27, ఆదివారం

పొద్దున్నే నెస్తోర్ వచ్చాడు, ఉప్పుకాగితం చేతిలో పట్టుకుని, నిద్రలేని కళ్ళతో. "వదినా, నేనే చేస్తాను. నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు.

వద్దన్నాను. నేను గీకిన మబ్బు సరిచేసి, చెవి దగ్గర కొంచెం దిద్ది, పైన మెరుపు పూత వేసి ఇమ్మన్నాను. వాడు నా కాళ్ళ మీద పడబోతే తిట్టి పంపించాను.

ఆయన వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. గుడ్లు, మిరపకాయ కూర పెట్టాను. తింటూ తింటూ ఆగి నన్ను చూశాడు.

"నిన్న అడగడం మర్చిపోయాను. మీ పేరేంటండీ?"

"ఓర్లిందా."

"ఓర్లిందా" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తర్వాత ఇంకో రొట్టె అడగడానికి మొహమాటపడుతున్నట్టు కంచం అటూ ఇటూ జరిపి, "మీరు ఇక్కడే ఉంటారా?" అన్నాడు.

రొట్టె వేశాను. ఇక్కడే ఉంటాను అన్నాను.